ఒక పక్కకు ఒరిగిన నీళ్లు

తారామణి బతుకంతా నీళ్ల లెక్క. ఉప్పల్‌లోని ఒక పరిశోధనాశాలలో ఆమె పని అదే. భూమి కదిలితే ఎత్తైన ట్యాంకుల్లో నీళ్లు ఎలా ఊగుతాయో కంప్యూటరు చేత చెప్పించాలి. ప్రతి ట్యాంకులో నీళ్లకూ సొంత ఊపులు కొన్ని ఉంటాయి. అవి తప్ప మరో పాట వాటికి రాదు.

1988 ఎండాకాలంలో ఆమె ప్రోగ్రాం ఒక పాటను మరిచిపోయింది. ఆఫీసు పెరట్లో కట్టిన నమూనా ట్యాంకును కదిపితే నీళ్లు అన్నిటికన్నా నెమ్మదైన ఊపొకటి ఊగేవి, నిద్రలో పక్కకు తిరిగినట్టు. ఆ ఒక్కటే ఆమె కాగితాల్లో లేదు.

"రేపు సాయంత్రానికి దొరక్కపోతే ఈ పని ఆ ట్యాంకు కొలతలు తీసే ఉమాపతికి ఇచ్చేద్దామమ్మా," అన్నారు పై అధికారి అచ్యుతరావు. "నువ్వు మళ్లీ అంకెలు ఎక్కించే సెక్షన్‌కి వెళ్దువుగాని."

ఏడాదిగా కన్నబిడ్డలా పెంచుకున్న ప్రోగ్రాం అది. మొదట నీళ్లకు ఒక ఆకారం ఊహించి ఇస్తే, కంప్యూటరు దాన్ని సానబట్టి సానబట్టి అసలు ఊపు దగ్గరికి చేరుస్తుంది. తారామణిది రోజూ ముగ్గు పెట్టే చెయ్యి అనేవారు అచ్యుతరావు. మధ్యలో ఉబ్బి, రెండు వైపులా ఒకేలా వాలే ఆకారమే ఎప్పుడూ ఇచ్చేది.

మర్నాడు పొద్దున్నే నాచారంలో ఆమె అద్దెకుండే వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఇంటి యజమానురాలు బాలనర్సమ్మ, తారామణి చెరో చెవి పట్టుకుని గంగాళం మోసుకొస్తున్నారు.

"జర నిమ్మలంగ నడువమ్మా. సగం నీళ్లు నీ చీరనే తాగవట్టె."

"నేను నెమ్మదిగానే నడుస్తున్నాను పిన్నిగారూ. నీళ్లే కుదురుగా ఉండట్లేదు."

"ఆఫీసుల గూడ తప్పంత నీళ్ల మీదనే పెడ్తవా?"

తారామణి ఆగిపోయింది. గంగాళంలో నీళ్లు ఒక పక్క లేస్తే మరో పక్క దిగుతున్నాయి. నడిమధ్య మాత్రం ఆకాశపు ముక్క కదలకుండా ఉంది. రెండు వైపులా సమానంగా మొదలైన ఆకారం ఎంత సానబట్టినా సమానంగానే మిగులుతుంది. ఒరగడం దానికి ఎవరు నేర్పాలి?

"ఏందమ్మా, గట్ల నిలవడ్డవ్?"

"ఒరగాలి పిన్నిగారూ."

"గంగాళమా? వద్దు తల్లీ, మల్ల ట్యాంకరు ఎల్లుండికే."

ఆఫీసులో ఆమె మార్చింది ఆ మొదటి ఆకారాన్నే. ఒక అంచును పైకెత్తింది, మరో అంచును దించింది. ప్రింటరు గరగరలాడింది. కాగితం మీద అన్నిటికన్నా పైన, ఇన్నాళ్లూ లేని ఊపు వచ్చి కూర్చుంది. ఉమాపతి పెరట్లో స్టాప్‌వాచ్‌తో కొలిచిన అంకెను దాని పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే.

అచ్యుతరావు కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశారు.

"ముగ్గు చెడగొట్టావన్నమాట."

"కావాలనే చెడగొట్టానండీ."

"ఉమాపతీ, ఈ పని ఇక నీకు ఇవ్వనుగానీ, కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చో. నేర్చుకుందువుగాని."

రెండు రోజుల తర్వాత మళ్లీ ట్యాంకరు వచ్చినప్పుడు తారామణి అడుగు మార్చింది. నీళ్ల ఊపుకు తన నడక కలవకుండా చిన్న చిన్న అడుగులేసింది. బాలనర్సమ్మ గడప దగ్గర గంగాళం దించి, వెనక్కి తిరిగి చూసింది. దారంతా పొడిగా ఉంది.

"ఇయ్యాల నీ చీర నీళ్లు తాగలే, దూప కాలేదా ఏంది?"

తారామణి నవ్వింది. గంగాళంలో ఆకాశం నిండుగా, నిశ్చలంగా ఉంది.