అత్త గొంతుకి తగ్గ కంప్యూటర్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనకి తెలియని విషయం ఎవరైనా చెబుతున్నప్పుడు మధ్యమధ్య తలాడిస్తూ, చివర్లో "నేనూ అదే అనుకున్నానండీ" అనేస్తే చాలు, మన తెలివితక్కువతనం బయటపడదని. రాజాంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరి అప్పటికింకా ఏడాది కాలేదు. ఆ నమ్మకంతోనే స్టాఫ్ రూములో నెట్టుకొస్తున్నాను. అదే నమ్మకంతో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, మా అత్త పాటలు రికార్డు చెయ్యడానికి కంప్యూటర్ కొనేందుకు బయలుదేరాను.

అత్తంటే మా నాన్న అక్క. వాళ్ళ ఊరు రాజాం నుంచి బొబ్బిలి వెళ్ళే దారిలో ఉంది. ఊడుపుల రోజుల్లో అత్త మడిలో దిగి పాటెత్తుకుందంటే వెనక ఇరవై మంది ఆడవాళ్ళు అందుకునేవారు. ఆమె ఒక చరణం అనడం, వాళ్ళు దాన్నే తిరిగి అనడం, అదీ పద్ధతి. అలాంటి అత్తకి మెడ దగ్గర కాయలాంటి గడ్డ ఒకటి పెరిగింది. విశాఖపట్నం తీసుకెళితే డాక్టరుగారు చూసి ఆపరేషన్ చెయ్యాలన్నారు. మూడు వారాల తరవాత రమ్మని, "గొంతు కొంచెం మారితే మారొచ్చు, ముందే చెబుతున్నాను" అని కూడా అన్నారు. "మారితే మారనీ. అన్నం దిగితే సాలు నాకు" అంది అత్త తేలిగ్గా. కానీ బస్సెక్కితే చాలు, కిటికీ పక్కన కూర్చుని ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి, ఆ రోజు తిరుగు ప్రయాణమంతా ఒక్క ముక్క పాడలేదు. అది చూశాకే ఆమె గొంతుని ఎలాగైనా దాచిపెట్టాలనిపించింది నాకు.

ఫోన్లో తీసి చూశాను. అత్త పైస్థాయికి వెళ్ళిన ప్రతిసారీ కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒకటే చిటపట. సరే, కంప్యూటరే కొనాలనుకుని తెలిసినవాళ్ళని అడగడం మొదలుపెట్టాను. మా కాలేజీ ఫిజిక్స్ మేష్టారు "ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదమ్మా, మిగిలినవి చూడనక్కరలేదు" అన్నారు. తలాడించాను. అత్త కొడుకు ఆమదాలవలసలో పెళ్ళిళ్ళకి మైకు సెట్లు కట్టేవాడు, మేమంతా సౌండు బావ అనేవాళ్ళం. అతనికి ఫోన్ చేస్తే "ర్యామేటి, నీ మొహం. లేటెన్సీ సూసుకో. అదే ముఖ్యం" అన్నాడు. దానికీ తలాడించాను (ఫోన్లో తలాడిస్తే అవతలివాడికి కనిపించదన్న సంగతి కూడా అప్పుడు తట్టలేదు). ఇంటర్నెట్లో వీడియోలు చూస్తే ఒకాయన ప్రాసెసర్ అన్నాడు, ఇంకొకాయన ప్రాసెసర్ మీద డబ్బు తగలెయ్యొద్దన్నాడు. చివరికి నా నోటుపుస్తకంలో మిగిలింది ఇంతే: "ర్యామ్ ఎక్కువ. ప్రాసెసర్ అవును, కాదు. లేటెన్సీ ఎక్కువా తక్కువా? ఎవరినైనా అడగాలి."

ఎవరినీ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోదూ. ముఖ్యమైనదన్నాక ఎక్కువుంటేనే మంచిదని నాకు నేనే తేల్చుకుని, రాజాం బజారులో కంప్యూటర్ల షాపుకి వెళ్ళి, పెద్ద తెలిసినదానిలా "లేటెన్సీ బాగా ఎక్కువున్నది చూపించండి" అన్నాను.

షాపాయన ఒక్క క్షణం నా వైపు చూసి, తలాడించాడు. "దీంట్లో బాగా ఉంటాదమ్మా. దీన్ని మించింది రాజాంలో నేదు" అంటూ ఒక పెద్ద పెట్టె చూపించాడు. ఒక పక్కంతా అద్దం, లోపల రంగురంగుల దీపాలు, ఆరు ఫ్యాన్లు. ఆరు ఫ్యాన్లెందుకండీ అనబోయి, "నేనూ అదే అనుకున్నాను" అన్నాను.

దాన్ని ఆటోలో అత్త ఇంటికి చేర్చాం. మావయ్య అద్దంలోంచి దీపాలు చూసి "పెళ్ళిపందిరి లాగున్నాది. దీనికేటి, పాట వినిపిస్తాదా?" అన్నాడు. అత్త దానికి బొట్టు పెట్టింది. సౌండు బావ ఒక మైకూ, ఆ మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె ఒకటీ పంపించాడు. అన్నీ తగిలించి, అత్త చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, పాడమన్నాను.

అత్త ఒక చరణం పాడి ఆగింది. మొహం వెలిగింది. ఇంకో చరణం పాడి మళ్ళీ ఆగింది. "ఓలమ్మ, ఇందులో ఆడోళ్ళు కూడా ఉన్నారేటే? నాను పాడింది బాగానే అందుకుంటన్నారు. కాపోతే కూసింత ఆలస్సెం" అంది. నాకేమీ అర్థం కాక హెడ్‌ఫోన్ తీసి నా చెవికి పెట్టుకుని "అత్తా" అన్నాను. నేనన్న ఒక క్షణానికి "అత్తా" అని నా గొంతే లోపల్నుంచి పలికింది. అంతలో ఫ్యాన్లు జోరందుకున్నాయి. రికార్డయింది పెట్టి వింటే ముందు బియ్యం మిల్లు మోత, ఎక్కడో వెనకాల అత్త. పైగా ఫ్యాన్ల మోత ఎంత పెరిగితే అత్త శ్రుతి కూడా తనకి తెలియకుండానే అంత పెంచుకుంటూ పోయింది. చివరి చరణం మధ్యలో దగ్గొచ్చి ఆగిపోయింది.

బావకి ఫోన్ చేశాను. "లేటెన్సీ తగ్గించు. నువ్వు పాడింది నీ సెవికి ఆలస్సెంగా రావడాన్నే లేటెన్సీ అంతారు" అన్నాడు.

"తగ్గించాలా?" అన్నాను.

"మరి పెంచుదావనుకున్నావేటి?"

ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మంచం ఖాళీ అయింది, మూడు వారాలు ఆగక్కరలేదు, గురువారం వచ్చి చేరిపొమ్మని. అప్పటికి సోమవారం. అత్త "ఎంత బేగి అయిపోతే అంత మంచిది" అని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టాను, మిగిలింది రెండు రోజులు.

మంగళవారం కాలేజీకి సెలవు పెట్టి, ఆ పెట్టెకి దుప్పటి చుట్టి, మళ్ళీ ఆటోలో షాపుకి పట్టుకెళ్ళాను. బల్ల మీద దించి, "నాకు వీటి గురించి ఒక్క ముక్క తెలియదండీ" అన్నాను. అంటూనే ఏడుపొచ్చేసింది. షాపాయన కంగారుపడి స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చాడు.

"ఇంతకీ ఏటి రికార్డు సేస్తారమ్మా?"

"మా అత్త పాటలు."

"వాయిద్యాలెన్ని?"

"ఏమీ లేవు. ఉత్త గొంతే."

"ఒక్క గొంతుకి ఇంత మిషనేటమ్మా. మొన్నే సెప్పొచ్చు కదా."

"మీరు అడగలేదు కదండీ."

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "మీరొచ్చీ రాగానే లేటెన్సీ అన్నారు. అదేటో నాకూ తెల్దు. అంత తెలిసిన మనిషిని ఏటని అడగను?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. అప్పుడాయన లోపల్నుంచి పలుచటి లాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. ఫ్యానే లేదట. నమ్మకుండా, దాన్ని ఆన్ చేయించి, షాపులో అందరూ చూస్తుండగా బల్ల మీదకి వంగి చెవి ఆనించి విన్నాను. ఏ చప్పుడూ లేదు. పెద్దదాన్ని వెనక్కి తీసుకుని అదిచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం కిటికీలకి బొంతలు వేలాడదీశాం. మావయ్య కోళ్ళని తోలుకుని దూరంగా వెళ్ళాడు. హెడ్‌ఫోన్‌ని కంప్యూటర్‌కి కాకుండా మైకు తగిలించిన ఆ చిన్న పెట్టెకే తగిలించమని బావ చెప్పాడు. అలాగే చేశాను. ఆలస్యం లేదు, మోత లేదు. అంతా బ్రహ్మాండంగా కుదిరిందనుకుంటుండగా అత్త మొదటి చరణం పాడి, ఆగి, నా మొహంలోకి చూసింది.

"ఆళ్ళేరే?"

"ఎవరత్తా?"

"మొన్న అందుకున్నోళ్ళు. ఎనకాల ఎవరూ నేకుండా ఎలగ పాడతాను? నోరు రాదు."

ఎంత బతిమాలినా రాలేదు. వేరే దారి లేక నేనే అందుకున్నాను. నాకు పాట రాదు, ఈ సంగతి కాలేజీలో మా పిల్లలకి కూడా తెలుసు. అయినా అత్త ఒక చరణం, నేను ఒక చరణం. తప్పు పాడినప్పుడల్లా అత్త తొడ మీద చిన్నగా గిల్లింది. చీకటి పడేలోగా పదకొండు పాటలయ్యాయి.

ఆపరేషన్‌తో అత్త గొంతు పూర్తిగా పోలేదు. ఒక మెట్టు కిందకి దిగింది. ఇప్పటికీ బస్సులో కిటికీ పక్కన పాడుకుంటుంది, కొంచెం బొంగురుగా. అప్పుడప్పుడు ఆ పాటలు పెట్టమంటుంది. పెడితే తన గొంతు పట్టించుకోదు. "ఆ ఎనకాల పిల్ల సూడు, ఎంత బయపడతా పాడతన్నాదో" అని నవ్వుతుంది. ఈ ఎనిమిదేళ్ళూ క్లాసులో పాఠాలు చెప్పి చెప్పి నా గొంతూ మారిపోయింది. సన్నగా, వణుకుతూ, శ్రుతి తప్పుతూ, అయినా ఒక్క చరణం కూడా వదలకుండా అత్త వెంటే పరుగెత్తే ఆ పిల్లని వింటుంటే నాకూ నవ్వొస్తుంది. ఆ గొంతుని కూడా దాచుతున్నామని ఆ మధ్యాహ్నం మా ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.