ఎండుమిరపకాయల పరీక్ష

పాత ఇంటిని పాత ఇల్లులా కనిపించేట్టు చేయడానికి మనిషి ఎందుకింత అవస్థ పడతాడు? ఎంత ఆలోచించినా దీనికి జవాబు దొరకడం లేదు.

చీరాల దగ్గర శ్రీకృష్ణకు టేకు స్తంభాలు, చెక్క గోడల ఇల్లొకటి ఉంది. పట్నం అతిథుల కోసం దాన్ని ‘వారసత్వ విడిది’ చేయబోతున్నాడు. పక్కనే మిర్చి గోడౌన్. సీజన్లో చెక్కల సందుల్లోంచి ఘాటు దూరి, ఆ ఇంట్లోవాళ్ళు పెళ్ళిచూపుల్లో కూడా ఏడుస్తూ కూర్చునేవారు.

ఆ సందులకు మొదట లప్పం పెట్టింది గఫూర్ తండ్రి. తండ్రి పనే నేర్చుకున్న గఫూర్‌కిప్పుడు డెబ్బై రెండు. చూపు మందగించింది. పని మానేసేలోపు ఆ ఇల్లంతా ఒక్కసారి తన చేత్తో పూడ్చాలని ఆయన కోరిక. సుద్దపొడిలో అవిసె నూనె పోసి, రోట్లో దంచి, ముద్దను నూనెగుడ్డలో చుట్టి పట్టుకొచ్చాడు.

శ్రీకృష్ణ వేలితో నొక్కి చూశాడు. “భాయ్, ఇది ట్రెడిషనల్‌గా లేదే!”

“మా నాయన చేసిందే బాబూ.”

“అది కాదు, తెల్లగా ఉంది. ఈ కంపెనీ లప్పం డబ్బా చూడు, గోధుమరంగు. పైన గడ్డం తాత బొమ్మ. పూటలో ఆరిపోద్ది. నీదెన్నాళ్ళు?”

“నెల. చెక్క ఎండకి ముడుచుకుంటది, వానకి ఉబ్బుద్ది. లప్పం కూడా దాంతోపాటు కదలాలి గదా.”

“నెలా? పదిహేను రోజుల్లో ఓపెనింగ్ భాయ్!”

శ్రీకృష్ణ మేనత్త కోటిరత్నం వక్కాకు నములుతూ వింటోంది. “ఎందుకురా తగువు? చెరో గదీ పూడ్చండి. వారం పోయాక నడవలో నేను మిరపకాయలు కాలుస్తా. ఎవడు దగ్గితే వాడి లప్పం దండగ.”

ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

ఎనిమిదోనాడు ఆమె కుంపట్లో దోసెడు మిరపకాయలు పోసి, చెంగుతో ముక్కు మూసుకుంది. డబ్బా గదిలో శ్రీకృష్ణ, రెండో గదిలో గఫూర్ తలుపులేసుకుని, కింద తడిగుడ్డలు కూరారు. డబ్బా సరుకు అప్పటికే బీటలిచ్చింది. కాసేపటికి శ్రీకృష్ణ దగ్గుకుంటూ పెరట్లోకి పరుగెత్తాడు. గఫూర్ గదిలోంచి గురక వినిపించింది.

కోటిరత్నం కుంపటి ఆర్పి తలుపు కొట్టింది. “లే గఫూరూ, గెలిచావ్!”

గఫూర్ పెరట్లోకి వచ్చేసరికి శ్రీకృష్ణ బకెట్ ముందు కూర్చుని కళ్ళు కడుక్కుంటున్నాడు. “ఒప్పుకున్నా భాయ్! నీదే అసలు లప్పం.”

“అయితే ఇల్లంతా మొదలెట్టేదా బాబూ?”

“ఇంటికి డబ్బాదే వేద్దాంలే, టైం లేదు. నువ్వు మాత్రం రోజూ తలపాగా చుట్టుకుని అరుగు మీద లప్పం దంచు. గెస్టులు ఫొటోలు దిగుతారు. ఆ డబ్బా తాతకన్నా నీ గడ్డమే బాగుంది.”

గఫూర్ మిగిలిన ముద్దను గుడ్డలో చుట్టుకున్నాడు.

“ఏ రంగు తలపాగా అయితే బాగుంటదంటావ్ భాయ్?” కళ్ళు మూసుకునే అడిగాడు శ్రీకృష్ణ. “ఎర్రదా? ఎర్రదే తెప్పిస్తా.”

అప్పటికే గఫూర్ చెప్పులేసుకుని, గోడౌన్ పక్కనుంచి రోడ్డెక్కేశాడు.