మ్యూజిక్ లేకుండా చెప్పు

నా చిన్నప్పుడు మా ఊళ్లో సినిమా చూసేవాళ్లకంటే వినేవాళ్లే ఎక్కువ. కారేపల్లి దాటాక అడవి వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఎండాకాలంలో టూరింగ్ టాకీస్ వాళ్లు వచ్చి, సంత జరిగే ఖాళీ జాగా పక్కన టెంటు వేసేవాళ్లు. పసిపిల్లల తల్లులకు, మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఆడవాళ్లకు అక్కడిదాకా వెళ్లడం కుదిరేది కాదు. మర్నాడు వాళ్లకు కథ చెప్పేది నేను. అప్పటికి నాకు పదేళ్లు.

ఊరికే చెప్పేదాన్ని కాదు. నోటితో మ్యూజిక్ కూడా కొట్టేదాన్ని. దుర్మార్గుడు తలుపు తోస్తుంటే "ఢం... ఢఢం" అంటూ అరచేత్తో నేల మీద దరువు వేసేదాన్ని. తప్పిపోయిన కొడుకు తల్లిని గుర్తుపట్టే చోట ముక్కుతో వయొలిన్‌లా సన్నగా రాగం తీసేదాన్ని. చింతపండు గింజలు తీస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయేవి. కొందరు కొంగుతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. ఆ చేతులు ఆగడం చూస్తే నాకు ఎక్కడలేని గర్వం. ఇవాళ పాటల మీదా సినిమాల మీదా నాలుగు ముక్కలు రాసుకునే అలవాటుకు మొదలు అక్కడే అనుకుంటాను.

నా కథలు అందరికంటే శ్రద్ధగా వినేది పక్కింటి అక్క. ఆమె భర్త ఇల్లందులో బొగ్గు బావిలో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. అత్తకు పక్షవాతం. అందుకని అక్క ఇల్లు కదిలేది కాదు. కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని ఊరందరి జాకెట్లూ కుట్టేది. టెంటు ఎంత పెద్దదో కూడా ఆమెకు తెలియదు. నేను చెప్పినవే ఆమె చూసిన సినిమాలు.

ఒక శనివారం, సంత రోజు, సినిమా సగంలో ఆగిపోయింది. రీళ్లు మూడు పెట్టెల్లో బస్సు మీద వచ్చేవి. ఆ రోజు మూడో పెట్టె కనపడలేదు. జనం ఈలలు వేసి, తిట్టి, చాపలు దులుపుకుని ఇళ్లకు పోయారు. పెట్టె దొరక్కపోతే తనకు ఇక ఎవరూ సినిమా ఇవ్వరని టెంటు ఓనరు తల పట్టుకు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున బోరింగు దగ్గర అంతా ఆ పెట్టె ముచ్చటే. నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. ముందురోజు పొద్దుగూకే వేళ, టెంటు వెనక నుంచి ఒక మనిషి నెత్తిన గోనె మూటతో అడవి బాట పట్టి పోవడం చూశాను. అదే చెప్పాను. బిందెల చప్పుడు ఆగింది.

"మూటల ఏముందే?" అని ఒకామె అడిగింది. మూటలో ఏదో డబ్బా మూలలాగా పొడుచుకొచ్చి కనపడిందన్నాను. అది నిజమే. "ఎర్ర తలగుడ్డ ఉండెనా? చీపుర్లమ్మేటాయన కాదుగదా?" అంది ఇంకొకామె. అందరూ నా మొహమే చూస్తున్నారు.

"ఆఁ, ఎర్రదే" అన్నాను.

రెండోసారి చెప్పినప్పుడు ఆ మనిషి ఆగి వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారికి బస్సు హారన్ వినపడగానే తుప్పల్లో నక్కాడు. అప్పటికి ఢం, ఢఢం కూడా వచ్చి చేరాయి.

చీపుర్లు అమ్మే ఆ మనిషిది అడవి లోపలి గూడెం. ఆ ఆదివారం రైసు మిల్లు వాళ్లకు ఇవ్వాల్సిన చీపురు కట్టలు తీసుకుని వస్తుంటే, ఊరి మొదట్లోనే మా కుర్రాళ్లు పట్టుకున్నారు. కాసేపటికి మా ఇంటి ముందు రెండు సైకిళ్లు ఆగాయి. "మీ పిల్ల చూసిందంట గదా. జర పంపుండ్రి" అన్నారు. మా నాన్న నా వైపు చూశాడు. నేను గట్టిగా తలూపాను.

టెంటు గుంజకు ఆనించి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయన తువ్వాలుతోనే ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు. నేను ఆయన్ని చూడలేదు. జనాన్ని చూశాను. అంతమంది నా కథ ఎన్నడూ వినలేదు. మగవాళ్లున్నారు, ముసలివాళ్లున్నారు, మా బడి పంతులు గారు కూడా ఉన్నారు. మొదలుపెట్టాక ఆగడం నా వల్ల కాలేదు. వెనక్కి చూసిన చూపూ, హారనూ, తుప్పలూ అన్నీ చెప్పేశాను. టెంటు ఓనరు నోరు తెరుచుకుని విన్నాడు.

"ఇంకేంది! కండ్లార చూసింది పిల్ల" అన్నాడు.

ఆ మనిషి సగం కోయలో, సగం తెలుగులో ఏదో అన్నాడు. నూనె డబ్బా అన్న మాట ఒక్కటే అర్థమైంది. "అవ్ అవ్, స్టేషన్ల చెప్పు నీ నూనె డబ్బా ముచ్చట" అని ఎవరో అంటే అంతా నవ్వారు. నాలుగు గంటల బస్సులో ఆయన్ని పోలీస్ స్టేషనుకు తీసుకుపోవాలని తేల్చారు. స్టేషనుకు పోయిన గూడెం మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో, ఎట్లా తిరిగొస్తాడో అక్కడి పెద్దవాళ్లకు తెలుసు. నాకు తెలియదు.

అన్నం తిని నేరుగా అక్క దగ్గరికి పరుగెత్తాను. అందరికంటే మంచి కథ ఆమెకు ఇంకా చెప్పలేదు కదా. నేను చెబుతుంటే మిషను కాసేపు నడిచింది. తర్వాత చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది. కథ అంత బాగా పండిందనుకున్నాను.

"ఇంకోపారి చెప్పు" అంది. "ఈసారి మ్యూజిక్ లేకుండ చెప్పు."

"మ్యూజిక్ లేకపోతే మంచిగుండదక్కా."

"మంచిగుండకుంటె మానె. చెప్పు."

టెంటు వెనక నుంచి ఒకాయన నెత్తి మీద మూటతో పోతున్నాడని మొదలుపెట్టాను. తర్వాత ఏమైందని అడిగింది. నాలుక మీదికి ఢం వచ్చింది. అక్క వేలు చూపించింది. మింగేశాను. మింగేశాక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అడవి బాటలో పోయాడన్నాను.

"గంతేనా?"

"గంతే."

"మరి తలగుడ్డ ఎర్రదంటివి. నెత్తి మీద మూట ఉంటే కింద గుడ్డ రంగు ఎట్ల కనవడ్డదే నీకు, మసక చీకట్ల? అంత బరువెత్తుకున్నోడు మెడ తిప్పి ఎనకకు ఎట్ల చూసిండు?"

నా చెవులు వేడెక్కాయి. అక్క కోప్పడలేదు, గొంతు కూడా పెంచలేదు. పోయిన నెల గాలివాన వచ్చినప్పుడు నేను సగం సినిమాకే ఇంటికి వచ్చేసిన సంగతి గుర్తుచేసింది. మిగిలిన సగం కూడా ఆమెకు చెప్పేశాను మరి. "ఆ సగమంత నీ దరువు ఆగనేలేదు. నువ్వు చూడని కాడల్ల మ్యూజిక్ వేస్తవే పిల్లా. నాకెప్పుడో ఎరుకే. సినిమాకైతే నాకేం ఫికర్ లేదు. గీడ మనిషి ఉన్నడు."

గోడ గడియారం మూడు దాటింది.

అక్క జాకెట్ల కొలతలు రాసుకునే నోటుబుక్కు తీసి, వెనక పేజీ తెరిచి నా ముందు పెట్టింది. కంటితో చూసింది మాత్రమే రాయమంది. ఎంత రాయబోయినా మూడు ముక్కలే వచ్చాయి. "నోరు తిరగకుంటె ఇది చూసి చదువు. జల్దీ నడు" అంది. నాన్న చంపేస్తాడని ఏడ్చాను. నాలుగు దెబ్బలకు చావవులే అంది. వెనక ఇంటి ముసలమ్మను పిలిచి అత్తను చూస్తుండమని చెప్పి, నా రెక్క పట్టుకుని బయల్దేరింది. ఆ టెంటు వైపు ఆమె నడవడం నేను చూసింది అప్పుడే.

మేము వెళ్లేసరికి ఆయన్ని లేపి నిలబెట్టారు. ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్కా పట్టుకుని బస్సు కోసం చూస్తున్నారు. అక్క నన్ను ముందుకు నెట్టింది. నోటుబుక్కు తెరిచి చదివాను. "నిన్న పొద్దుగూకేటప్పుడు టెంటు వెనక నుంచి ఒక మనిషి, డబ్బా మూల పొడుచుకొచ్చిన గోనె మూటతో పోయాడు. నేను వీపు చూశాను. ముఖం చూడలేదు."

టెంటు ఓనరే ముందు తేరుకున్నాడు. "అదేంది బిడ్డా! పొద్దున సినిమా లెక్క చెప్తివి గదా!"

"తలగుడ్డ?" అని ఎవరో అరిచారు. చూడలేదన్నాను. "తుప్పల్ల నక్కింది?" అదీ లేదన్నాను. జనంలో ఒకడు నన్ను వెక్కిరిస్తూ ఢఢం అన్నాడు. నవ్వులు. వెనక నిలబడ్డ మా నాన్న తల దించుకున్నాడు. ఇంతకంటే ఆయన నన్ను అక్కడే కొట్టినా బాగుండేది. పిల్లను ఎవరో బెదిరించి ఉంటారని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. దూరంగా బస్సు దుమ్ము లేస్తూ కనపడింది.

అప్పుడు అక్క కొంగు భుజం చుట్టూ లాక్కుని ముందుకొచ్చింది. మగవాళ్ల మధ్య ఆమె మాట్లాడడం ఎవరూ ఎరగరు. "పొద్దున పిల్ల చూసిన్నంటే నమ్మిండ్రు. ఇప్పుడు చూడలేదంటుంటే ఎందుకు నమ్మరు? అదే పిల్ల గదా?" అంది. "నూనె డబ్బా అంటున్నడు గదా ఆయన. గూడెం దాక సైకిలేసుకొని పోయి చూసినోళ్లు ఒక్కలన్న ఉన్నరా?"

ఎవరూ లేరు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎవరైనా ఎక్కుతారా అని అరిచాడు. కుర్రాళ్లు ఓనరు వైపు చూశారు, ఓనరు మా నాన్న వైపు చూశాడు. మా నాన్న తల ఎత్తి, "విడువుండ్రి. తప్పు మా పిల్లది" అన్నాడు. బస్సు పోయింది. కుర్రాళ్లు కట్టు విప్పారు. ఆ మనిషి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మణికట్లు రుద్దుకుంటూ నా వైపు ఒకసారి చూశాడు. తిడతాడనుకున్నాను. చీపురు కట్టలు అక్కడే వదిలేసి అడవి బాట పట్టాడు.

మూడో రోజు అదే బస్సులో పెట్టె వచ్చింది. మా ఊరికంటే ముందు వచ్చే ఊళ్లో వేరే సామానుతో కలిపి దించేశారట. ఆ సాయంత్రం సినిమా పూర్తిగా వేశారు, ఊరంతా చూసింది. పెట్టె దొరికిందని గూడేనికి కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. టెంటు వాళ్లు ఆ చీపుర్లతోనే నేల ఊడ్చుకున్నారు. ఆ తర్వాత ఆ మనిషి మా సంతకు రాలేదు. వేరే ఊరి సంతకు, చుట్టు తిరిగి పోతున్నాడని విన్నాం. వచ్చే శనివారం వస్తాడేమోనని ఆ ఎండాకాలమంతా చూశాను.

అక్కకు సినిమాలు చెప్పడం మానలేదు. చూడని చోటు వస్తే "ఇది నేను చూళ్లేదక్కా, నేను కల్పిస్తున్న" అని ముందే చెప్పి దరువు మొదలుపెట్టేదాన్ని. సరే కానియ్యి అనేది.

ఆ నోటుబుక్కు పేజీ తర్వాత రాయడం ఆపలేదు. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానాలో రక్తపరీక్షలు చేసి రిటైరయ్యాను. రోజూ డైరీ రాస్తాను. ఏ పాట విన్నా, ఏ సినిమా చూసినా ముందు చూసిందీ విన్నదీ రాసి, ఒక వరుస వదిలి, ఆ కింద నాకు తోచింది రాస్తాను. ఆ ఖాళీ వరుస దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి కాస్త ఆగుతుంది. మా అమ్మ ప్రతి శనివారం ఆయన దగ్గరే చీపుర్లు కొనేదట, నేనూ పక్కనే ఉండేదాన్నట. ఆయన ముఖం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది మాత్రం టెంటు గుంజ దగ్గర, ఆయన చేతుల కట్టు విప్పుతున్నప్పుడే.