గుడివాడ మీదుగా జపాన్

మా బావకీ జపాన్ దేశానికీ పడకుండా పోయిన ఏడాది అది. తగువు పెట్టుకున్నది నిజానికి ఢిల్లీ, టోక్యో. రాజస్థాన్ ఎడారిలో మనవాళ్ళు అణుబాంబు పరీక్షలు జరిపారు. బాంబు దెబ్బ తిన్న దేశం కదా, జపాన్‌కి ఒళ్ళు మండింది. ఇచ్చే అప్పులూ సాయాలూ ఆపేస్తామంది. పేపర్లో ఆ వార్త చదివి దివిసీమలో కంటిమీద కునుకు లేనివాళ్ళు ఎవరయ్యా అంటే, రొయ్యల చెరువులవాళ్ళు. వాళ్ళలో మా అక్క మొగుడు ముందు వరసలో ఉన్నాడు.

"వాళ్ళెక్కడో ఎడారిలో బాంబు పేల్చుకుంటే మధ్యలో నా రొయ్య ఏం చేసిందే?" అని బందరులో ఉన్న నాకు ఫోన్ చేసి నిలదీశాడు, పరీక్ష నేనే దగ్గరుండి జరిపించినట్టు. నేను కాలేజీలో ఎకనమిక్స్ చెప్తాను, అందులో అంతర్జాతీయ వాణిజ్యం ఒక పేపరు. ఆ పాపానికి, రెండు దేశాల మధ్య ఏం జరిగినా మా బావకి జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

ఆయన బాధలోనూ న్యాయం లేకపోలేదు. అంతకుముందు రెండు పంటలూ తెల్లమచ్చ రోగానికి పోయాయి. ఆ ఏడు దేవుడు చల్లగా చూసి టైగర్ రొయ్య అరచేతి పొడుగున ఎదిగింది. తీరా రొయ్యలు పట్టే రోజు దగ్గరపడేసరికి దళారులు గట్టు మీదకొచ్చి, "జపానోడు మన సరుకు ఇంక ముట్టుకోడంటండీ, ఏదో మేం కాబట్టి తీసుకుంటున్నాం" అని పెదవి విరవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే, జపాన్ కొనుగోలుదారు ఒకాయన స్వయంగా చెరువులు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకి నచ్చితే ఈ పంటా, ఇకముందు పంటలూ నేరుగా ఆయనకే. నచ్చకపోతే దళారుల దయ. ఉప్పు పట్టిన ఆ నేలలో మళ్ళీ వరి వేద్దామన్నా మొలవదు. చెరువులు ఎండగట్టుకుని కూర్చోవడమే.

మాట్లాడే పని నాకు అప్పగించారు. పొద్దున్నే జపాన్ వాళ్ళు బెజవాడ నుంచి కారులో వస్తారు, నేను బందరు నుంచి బస్సులో పామర్రు వచ్చి అక్కడ కారెక్కాలి. అంతవరకూ బాగానే ఉంది. ముందురోజు సాయంత్రం మళ్ళీ ఫోన్.

"ఇదిగో, రేపు తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా వర్జ్యం. ఆలోపు వాళ్ళు నా గట్టు మీద అడుగు పెట్టకూడదు. పన్నెండు నుంచి రాహుకాలం. ఆ మధ్యలోనే అంతా అయిపోవాలి."

"మరి హోటలుకి ఫోన్ చేసి కాస్త ఆలస్యంగా బయల్దేరమనొచ్చుగా బావా?"

"జపానోళ్ళకి టైమ్ మార్చుకోమని చెప్తామా? మనకి టైమ్ విలువ తెలీదనుకోరూ?"

"దార్లో తిప్పితే తెలుసనుకుంటారా?"

"తిప్పితే ఊళ్ళు చూపించినట్టుంటుంది. ఆ మాత్రం తెలివి లేకుండా పిల్లలకి ఏం పాఠాలు చెప్తున్నావే నువ్వు?"

నేను ఆషాఢమాసంలో రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నదాన్ని. వర్జ్యాల మీద గంటసేపు వాదించగలను, వాదించాను కూడా. బావ మాకు మేనమామ కొడుకు, చిన్నప్పటి నుంచీ వాదించుకుంటున్న మనిషి, లొంగడు. ఆఖర్న అక్క ఫోన్ లాక్కుని, "ఒసేయ్, నీ సిద్ధాంతాలు ఎల్లుండి చెప్పుకో. రేపటికి మా మాట విను" అంది. అక్క అంతలా అడిగాక సరేనన్నాను.

పామర్రు సెంటర్లో కారు చెప్పిన వేళకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చి ఆగింది. వెనక సీట్లో పెద్దాయన, తల నెరిసిన మనిషి, ఒళ్ళో మ్యాప్. ఆయన పక్కన కళ్ళజోడు పెట్టుకున్న దుబాసీ. పెద్దాయన జపనీస్‌లో ఒక మాట అంటే ఈయన ఇంగ్లీషులోకి మారుస్తాడు. నేను డ్రైవర్ పక్కన కూర్చుని, దివిసీమ దారి కుడిచేతి వైపు ఉంటే, "ఎడమకి తిప్పు" అన్నాను. డ్రైవర్ నా మొహంలోకి చూశాడు.

"అటు గుడివాడండీ."

"గుడివాడని నాకు తెలుసయ్యా, నేను పుట్టింది అక్కడే. పోనీ."

పోనిచ్చాడు. వరిచేలు, రైస్ మిల్లులు, మా స్కూలు, మా నాన్న సైకిల్ బాగుచేయించుకునే కొట్టు అన్నీ చూపించాను. ప్రపంచ వాణిజ్య చరిత్రలో వీటి పాత్ర ఏమిటో నాకే తెలియకపోయినా, పాఠం చెప్పే గొంతుతో చెబితే ఎవరైనా తలూపుతారు. పెద్దాయన కూడా ఊపాడు. తర్వాత మ్యాప్ మీద వేలు పెట్టి ఏదో అడిగాడు.

"సముద్రం దక్షిణాన ఉంది కదా, మనం ఉత్తరానికి ఎందుకు వెళ్తున్నాం అంటున్నారు" అన్నాడు దుబాసీ.

"ఇడ్లీ కోసం" అన్నాను.

బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ పెట్టించాను. మర్యాదగా తిన్నారు. కాఫీ దగ్గరికొచ్చేసరికి పెద్దాయన చేతి గడియారం చూడ్డం మొదలుపెట్టాడు. ఒకసారి కాదు, గుటక గుటకకీ చూస్తున్నాడు. అయిపోయింది, ఈయన విసుక్కుని వెనక్కి వెళ్ళిపోతాడు, దళారులు చెరువు గట్టు మీద చాపేసుకుని కూర్చుంటారు, మా అక్క నా మొహం చూడదు అనుకున్నాను. ఇక దాపరికం ఎందుకని ఉన్నమాట చెప్పేశాను. మా పంచాంగం ప్రకారం పదకొండు దాకా మంచి సమయం కాదనీ, మా బావకి అలాంటి నమ్మకాలు ఉన్నాయనీ, నాకు మాత్రం లేవనీ. ఆ చివరి ముక్క రెండుసార్లు చెప్పాను.

దుబాసీ చాలాసేపు అనువదించాడు. పెద్దాయన కప్పు కింద పెట్టాడు. నా గుండె కూడా కిందకి దిగింది. అంతలో ఆయన గట్టిగా తొడ మీద చరుచుకుని నవ్వాడు, పక్క బల్ల దగ్గర పెసరట్టు తింటున్నాయన ఉలిక్కిపడేలా.

తేలిందేమిటంటే, వాళ్ళకీ పంచాంగం ఉందట. ఆరు రకాల రోజులు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. నిన్న మంచిరోజు కాదని ఆయన పట్టుబట్టి ప్రయాణం ఇవాళ్టికి మార్చాడు. కంపెనీలో కుర్రకారు నవ్వుకున్నారట. ఇవాళ మంచిదే, కానీ పొద్దున పూట మాత్రమే. మధ్యాహ్నం దాటితే ఒప్పందాలు చేయకూడదు. గడియారం అందుకే చూస్తున్నాడు!

బావకేమో పదకొండుకి ముందు పనికిరాదు. ఈయనకేమో పన్నెండు దాటితే పనికిరాదు. మేమేమో గుడివాడలో కాఫీ తాగుతున్నాం. రెండు ప్రభుత్వాలు పలకరించుకోవడం మానేసిన ఆ ఏడాది, రెండు పంచాంగాలు కలిసి మాకు ఇచ్చింది ఒకే ఒక్క గంట.

"బాబూ, ఇంక తొక్కు" అన్నాను డ్రైవర్‌తో. పామర్రు, మొవ్వ అడ్డదారి, చల్లపల్లి, అవనిగడ్డ. దార్లో ఎద్దుబండి అడ్డమొస్తే పెద్దాయన కూడా కిటికీలోంచి చెయ్యి ఊపాడు, తప్పుకోమని.

పదకొండు దాటీ దాటగానే కారు గట్టెక్కింది. బావ ఇస్త్రీ పంచె కట్టుకుని ఎదురొచ్చి, ఇన్ని గంటల ఆలస్యం తనకి తెలియనట్టే, "రండి రండి, దారి బాగా దొరికిందాండీ?" అన్నాడు.

"దొరికింది, కాకపోతే చుట్టాల్ని పలకరించి వచ్చాం" అన్నాను.

విసురు వల వేయించారు. రొయ్యలు మీసాలు ఆడిస్తూ పైకొచ్చాయి. పెద్దాయన ప్యాంటు మడిచి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఎత్తి తోక చూశాడు, తల దగ్గర చూశాడు, ఎండకి పెట్టి చూశాడు. ఆయన ఒకదాన్ని గబగబా ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"అయ్యో, పచ్చిదండీ!" అని మా అక్క, గట్టు పక్కనే ఉన్న ఇంటి వంటింటి గుమ్మంలోంచి కేకేసింది. "లోపల ఇగురు చేస్తున్నా కదా, ఒక్క క్షణం ఆగలేకపోయారా పాపం!"

పెద్దాయన నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, ఒక్క మాట అన్నాడు.

"తియ్యగా ఉందంటున్నారు" అన్నాడు దుబాసీ.

బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎండ అన్నాడు.

ఇంటి వరండాలో కుర్చీలు వేశారు. ఒప్పందం కాగితం బల్ల మీద పెట్టారు. గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా కాస్తే ఉంది. బావ కలం తీసి కళ్ళకద్దుకున్నాడు. పాళీ కాగితానికి తగలబోతోంది, అంతే, వంటింట్లో అక్క ఎండుమిరపకాయల పోపు వేసింది.

పెద్దాయన తుమ్మాడు. ఒకే ఒక్క తుమ్ము.

బావ కలం గాల్లో ఆగిపోయింది. మెల్లగా దాన్ని బల్ల మీద పెట్టి, వెనక్కి వాలి కూర్చున్నాడు. మా వైపు ఒంటి తుమ్ము వినబడితే మొదలుపెట్టిన పని ఆపాలి, కూర్చుని మంచినీళ్ళు తాగాలి, కాసేపు ఆగాలి. ఆగితే రాహుకాలం. అటు పెద్దాయనకి మధ్యాహ్నం.

"బావా, సంతకం పెట్టు."

"ఒంటి తుమ్మే."

"పోపు ఘాటుకి తుమ్మాడు! ఆ మిరపకాయలు మీ ఇంట్లోవే!"

"ఏవైతేనేం, తుమ్ము తుమ్మే."

రెండు పంటలు మట్టికొట్టుకుపోయిన మనిషి. ఇక్కడ వాదించి గెలిచి ప్రయోజనం లేదని నా జీవితంలో మొదటిసారి తోచింది. మొహం పక్కకి తిప్పి, కొంగు అడ్డం పెట్టుకుని, ఇల్లదిరేలా తుమ్మాను.

బావ నా ముక్కు వైపు అనుమానంగా చూశాడు.

"అది తుమ్మేనా?"

"కాకపోతే సన్నాయా? రెండు తుమ్ములైతే శుభమేగా, పెట్టు."

"రెండూ ఒకళ్ళే తుమ్మాలే!"

"ఏ శాస్త్రంలో ఉంది? ముక్కులెవరివో రాశారా ఎక్కడైనా? ఆయన జపాన్ తరఫున తుమ్మాడు, నేను ఇండియా తరఫున తుమ్మాను. ఒప్పందం రెండు దేశాలదీ అయినప్పుడు తుమ్ములు మాత్రం ఒక దేశానివే ఉండాలా?"

బావ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. లోపల్నుంచి అక్క, "ఏవండీ, అది చెప్పిందాంట్లో తప్పేముంది? కానివ్వండి" అంది. బావ సంతకం పెట్టాడు. పెద్దాయన జేబులోంచి చిటికెన వేలంత ముద్ర తీసి ఎర్ర సిరా అద్ది నొక్కాడు. కుంకుమ బొట్టులా ఉందని బావ తెగ మురిసిపోయాడు. గడియారం పన్నెండు కొట్టడం ఆ తర్వాతే.

భోజనాల దగ్గర, ఇందాకటి గొడవ ఏమిటని పెద్దాయన అడిగించాడు. చెప్పాను. తమ దేశంలో తుమ్మొస్తే ఎక్కడో ఎవరో మన గురించి మాట్లాడుకుంటున్నట్టట. "ఆ పనికి మా దగ్గర పొలమారడం ఉందండీ" అంటూ ఉండగానే ఇగురు కారానికి ఆయనకి పొలమారింది. అక్క మంచినీళ్ళు అందించి, "మీ ఇంట్లోవాళ్ళు తలుచుకుంటున్నారు" అంది. అనువాదం అక్కర్లేకుండానే ఆయన నవ్వాడు.

ఢిల్లీ, టోక్యో మళ్ళీ సరిగ్గా మాట్లాడుకోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. వాళ్ళకి ముహూర్తం కుదరక అంత ఆలస్యమైందని మా బావ ఇప్పటికీ అంటాడు. ముహూర్తం సంగతేమో కానీ, అక్కడ తుమ్మేవాళ్ళు లేకపోయారని నేనంటాను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇంతవరకూ ఎవరం తగ్గలేదు.