అధికమాసంలో మూడు ముళ్ళు

మంగళవారం రాజభవనానికి సెలవు. అందుచేత యోమ్ బోక్‌హీ పనిచేసే అద్దెబట్టల దుకాణానికీ ఆ రోజే సెలవు. రాజభవనం గోడకు ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో పదకొండేళ్ళుగా బతుకుతున్న బోక్‌హీ ఒక్కనాడైనా దాని గుమ్మం దాటకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. భవనం తెరిచిన రోజున ఆమెకు తీరదు. ఆమెకు తీరిన రోజున భవనం తెరవరు. ఆ తీరిక కూడా మాటవరసకే. మంగళవారాలన్నీ ఉతుకుడుకూ ఇస్త్రీకీ సరిపోయేవి.

సియోల్‌లోని ఆ వీధి పొడవునా అటువంటి దుకాణాలే. పాతకాలపు కొరియా దుస్తులు, అంటే హన్‌బొక్, ధరించి వచ్చినవారిని రాజభవనంలోకి టికెట్టు లేకుండా పంపుతారు. ఆ ఒక్క నియమం మీద వీధి వీధంతా అన్నం తింటోంది. పూసాన్ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు, కొత్తగా ప్రేమలో పడిన జంటలు, భాష తెలియని విదేశీయులు, అరవయ్యో ఏట బడి స్నేహితురాళ్ళను మళ్ళీ కలుసుకున్న ఆడవాళ్ళు, అందరూ మెట్లెక్కి రెండో అంతస్తుకు వస్తారు. చెప్పులు విడిచి, మూడు వందల పావడాల్లోంచి ఒకటి ఎంచుకోలేక అరగంట తచ్చాడతారు. తీగల లోపావడా తొడిగించుకుని, జడ వేయించుకుని, చివరికి గడ్డం పైకెత్తి బోక్‌హీ ముందు నిలబడతారు. పొట్టి రవికకు రొమ్ము మీద వేలాడే రెండు పొడవాటి పట్టీలను ఆమె కలిపి, ఒక మలుపు తిప్పి, ఒంటిచెవి ముడి వేసి, కొసలను సమంగా జార్చి, "అయిందమ్మా, వెళ్ళిరండి" అంటుంది. ఇరవై లెక్కపెట్టేలోగా పని ముగుస్తుంది. వాళ్ళు వెళతారు. ఆమె ఉంటుంది.

మిగిలిన దుకాణాల్లో ఆ ముడిని ముందే కుట్టేసి, వెనక నొక్కుడు బొత్తాం పెడతారు. ఇక్కడ మాత్రం గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది: "ఇచ్చట ముడి చేతితో కట్టబడును." ఆ చెయ్యి బోక్‌హీది, బోర్డు ఒక్‌జిన్‌ది.

ఒక్‌జిన్ ఆమెకు ఆడపడుచు. పోయిన భర్త మాన్‌సిక్‌కు అక్క. మాన్‌సిక్ పోయిన నలభై తొమ్మిదో నాటి కర్మ ముగిసిన మర్నాడే ఆవిడ తమ్ముడి భార్యను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి, తన దుకాణం పైగదిలో దింపింది. "పిల్లా పీచూ లేనిదానివి, ఒంటరిగా ఎక్కడుంటావు? పూలకాలం దాటేదాకా నాకు సాయంగా ఉండు. తరవాత నీ ఇష్టం" అన్నది. ఆ మాట నిజాయతీగానే అన్నది. అయితే పూలకాలం దాటాక వేసవి సెలవులు వచ్చాయి. ఆ పైన పంటల పండగ, ఆ పైన ఎర్రాకుల కాలం. బోక్‌హీ వెళతానన్నప్పుడల్లా ఒక్‌జిన్ నోట వచ్చేది ఒకటే మాట: "ఇంకొంచెం ఆగవే." కసిరి బయటికి నడిచేంత కోపం తెప్పించే మనిషి కాదు ఒక్‌జిన్. చిక్కంతా అక్కడే ఉంది. జ్వరం వస్తే పైన్‌గింజల జావ కాచి తాగించింది. చలి ముదరకముందే కొత్త పరుపు కొన్నది. తాళం వేసిన తలుపునైతే బద్దలు కొట్టవచ్చు. జావ పోసి, పరుపు వేసి, చేరవేసిన తలుపును ఏం చేయగలరు?

నిజానికి బోక్‌హీ ముడి కట్టే మనిషి కాదు, కుట్టే మనిషి. పద్దెనిమిదో ఏట జియోన్‌జు నగరంలో, ఒక ముసలి గురువు దగ్గర సూది పట్టింది. రవిక మెడకు తెల్లపట్టీని కుట్టు కనబడకుండా, వంపు చెడకుండా నిలపడం ఆమె చేతికి తెలిసినట్టు ఆ గదిలో ఇంకెవరికీ తెలియలేదు. ఇక్కడ ఆమె సూదికి దక్కినవి అతుకులు మాత్రమే. వచ్చిన తొలి నెలలోనే ఎవరో పిల్ల రాజభవనం మెట్ల మీద తన పావడాను తానే తొక్కుకుని, భుజంపట్టీ తెగి, పదిమందిలో అల్లరిపాలైంది. ఆ సాయంత్రమే ఒక్‌జిన్ చట్టం చేసింది: "దారం మొదలెట్టినచోట మూడు ముళ్ళు, ముగించినచోట మూడు ముళ్ళు. ఎద్దు తొక్కినా ఊడకూడదు." ముడి బయటికి కనబడితే జియోన్‌జు గురువు వేళ్ళ మీద కొలబద్దతో కొట్టేది. ఆరు నెలలు తిరిగేసరికి వేళ్ళు ఆ దెబ్బలను మరిచిపోయాయి.

ఆ ఏడు చాంద్రమానం లెక్కన రెండో నెల వెనుక అధికమాసం పడింది. చెర్రీపూల కాలం కావడంతో దుకాణంలో కాలు పెట్టడానికి సందు లేదు. అటువంటి రోజుల్లో, జియోన్‌జులో తనతోపాటు సూది పట్టిన హ్వాసన్ అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"ఏమే, బతికున్నావా? ఇంకా బొమ్మలకు బట్టలు కడుతూనే ఉన్నావా?"

"కడుతూనే ఉన్నా. చెప్పు."

"మా దగ్గర మెడపట్టీలు కుట్టే పెద్దావిడకు చూపు ఆనక మానేసింది. నీ పేరు చెప్పాను. మూడో నెల మొదటి రోజు పొద్దుగూకేలోగా వచ్చి నీ చోట్లో కూర్చోవాలి. దాటిందా, ఇంకొకతె కాచుక్కూర్చుంది."

"వదిననొకసారి అడిగి..."

"అడగడమా, చెప్పడమా? యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఆ రెండిటికీ తేడా ఎప్పుడు నేర్చుకుంటావే? సరే గానీ, సూదిలోకి దారం ఎన్నోసారికి ఎక్కుతోంది?"

"మొదటిసారికే."

"ఇంకో రెండేళ్ళు పోతే ఎక్కదు. పెట్టేస్తున్నా."

కళ్ళు ఉన్నంతకాలమే ఆ చోటు. ఈ నెల ఉన్నంతవరకే ఆ పిలుపు. వదినతో చెప్పడానికి ఆమె మూడుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి గుమ్మం గంట మోగి, గులాబీరంగు పావడా నాకంటే నాకని కొట్టుకుంటూ నలుగురు అక్కచెల్లెళ్ళు వచ్చారు. రెండోసారి ఎవరికో జడ ఊడింది. మూడోసారి మాట నాలుక కొసకు వచ్చిన క్షణంలో ఒక్‌జిన్ తానే ఒక మూట తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది.

మూటలో పసుపుపచ్చటి నారబట్ట.

"ఆండోంగ్ ఊరి నార. పదేళ్ళ కింద కొని దాచాను" అన్నది ఒక్‌జిన్. "దయ్యాలక్కూడా లెక్కకు రాని నెల కదా ఇది. ఇప్పుడు కుట్టించుకుంటే ఆయుష్షు పెరుగుతుందంటారు. నా చివరి బట్టలు నువ్వే కుట్టాలి."

"బజార్లో కుట్టినవే దొరుకుతాయి కదా వదినా, మిషను మీద..."

"మిషనుబట్టలో పోవడానికి నేనేమన్నా ఈ లోకానికి అద్దెకొచ్చానా? నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నా ఒంటికి తగలకూడదు. అంతే."

చావుబట్టలు కుట్టమని కోరిన మనిషితో, వెళ్ళిపోతున్నానని ఎట్లా చెప్పడం? బోక్‌హీ మాటను మింగి, బట్టను మడిచి లోపల పెట్టుకున్నది.

పోయేవారి బట్టలకు ఒక నియమం ఉంది: దారానికి ముడి వేయరాదు. మొదట్లో వేయరాదు, తుదిలోనూ వేయరాదు. కుట్టును వెనక్కి తిప్పరాదు. దారం మధ్యలో అయిపోతే అతకరాదు. కొసలు పొడవుగా వదిలివేయాలి. పోయేవారు ఏ చిక్కూ లేకుండా పోవాలని, ఉండేవారి బతుకులు చిక్కుపడరాదని పెద్దల మాట. ఒకప్పుడు బోక్‌హీ గురువు అటువంటి బట్టలు కుట్టేటప్పుడు పది మంది ఆడవాళ్ళను పిలిచి, నవ్వుతూ కబుర్లాడుతూ ఒక్క పగటిలో ముగించేది. బోక్‌హీకి పది మంది లేరు. పావడాల వరసల వెనక, కిటికీ లేని చిన్నగదిలో పీట వేసుకుని కూర్చునేది. నాలుగు కుట్లు పడేసరికి గంట మోగేది. సూదిని నారబట్టలో గుచ్చి ముందుకు పరుగెత్తేది, ముడి కట్టేది, వెనక్కి వచ్చేది, ఏ కుట్టు దగ్గర ఆగిందో వెతుక్కునేది. మళ్ళీ గంట. బడిపిల్లలు పన్నెండు మంది ఒక్కసారిగా వచ్చిన రోజున ఆమె ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో ఆమెకే తెలియదు.

అధికమాసం ఆఖరి రోజు బుధవారం. పావడా, రవిక, పై అంగీ సిద్ధమైనాయి. మేజోళ్ళూ తలదిండూ మిగిలాయి. దుకాణం తెరిచే వేళకు కొంచెం ముందు ఒక్‌జిన్ చిన్నగదిలో పీట ఎక్కి నిలబడి, కొలత చూసుకుంటానన్నది. బోక్‌హీ ఒక్కొక్కటే తొడిగి, వీపు వెనక గుండుసూదులతో నిలిపింది. చేతులు వేళ్ళను దాటి జానెడు వేలాడాయి. పావడా పీటను కప్పేసి నేల మీద పరుచుకుంది. చివరి బట్టల కొలత అంతే.

"ఎట్లా ఉన్నానే?"

"అద్దెకిస్తే మొదటి రకం, వదినా."

ఒక్‌జిన్ భుజాలు కదిలేటట్టు నవ్వింది. నవ్వుతూనే, బట్టల మనిషి అలవాటు చొప్పున, చేతి లోపలి కుట్టు వెంబడి వేలు నడిపింది. వేలు ఒకచోట ఆగింది. నవ్వు కూడా అక్కడే ఆగింది.

"ఇదేంటి?"

బోక్‌హీ వంగి చూసింది. ముడి. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటిగా మూడు, ఆవగింజంత గట్టిగా.

"ముడేశావా? నా బట్టకు ముడేశావా?" ఒక్‌జిన్ గొంతు పలచబడిపోయింది. "చచ్చినా ఎటూ పోకుండా కట్టెయ్యాలనా? ఈ మెట్ల మీదే దయ్యమై తిరగాలనా?"

"కావాలని వెయ్యలేదు వదినా. చెయ్యి వేసింది. ఎద్దు తొక్కినా ఊడకూడదన్నారు కదా."

"బతికున్నాళ్ళ బట్టలకన్నానే అది!"

"పదకొండేళ్ళు అన్నారు" అన్నది బోక్‌హీ.

అంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పుడే గుమ్మం గంట మోగింది. ఒక్‌జిన్ అలవాటుగా ఒక అడుగు వేయబోయి, నేల మీది పావడాను తొక్కుకుని, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. వీపున గుండుసూదులు, చేతుల కొసన వేళ్ళు లేవు, ఒంటి మీద చావుబట్టలు. ఆ వేషంతో గిరాకీ ముందుకు వెళితే వీధి వీధంతా ఖాళీ అవుతుంది.

"వెళ్ళి చూడవే!"

బోక్‌హీ కదలలేదు. కాళ్ళు అప్పటికే గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి. వాటిని ఆమె బలవంతాన వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది.

"నేను రేపు జియోన్‌జు వెళ్తున్నా వదినా. మెడపట్టీలు కుట్టే పని. రేపు పొద్దుగూకేలోగా అక్కడ ఉండాలి."

"రేపా? పూలకాలంలోనా? ఇంకొం..."

"వదినా."

ముందరి నుంచి ఎవరో పిలిచారు: "ఏవండీ, ఎవరూ లేరా?"

"ఇంకొంచెం ఆగండి!" అని లోపలి నుంచే అరిచింది ఒక్‌జిన్. అరిచి, తన మాట తనకే వినబడినట్టు నోరు మూసుకుంది. వేలాడే చేతిని బోక్‌హీ వైపు చాచింది.

"ముందు ఇది విప్పు. ఊపిరాడ్డం లేదు."

బోక్‌హీ మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న కత్తెర మొనతో ఒక ముడి, తరవాత ఒకటి, తరవాత ఒకటి కత్తిరించింది. అక్కడి దారం లాగేసి, కొత్త దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. ఒంటి మీదనే నాలుగు వేళ్ళ మేర కుట్టి, కొస వదిలేసింది.

"మరి బోర్డు సంగతేంటే? ముడి ఎవడు కడతాడు?"

"మీరే కట్టండి. ఇరవై లెక్కపెట్టేలోగా అయిపోయే పని. ఇవాళ నేర్పుతా."

"మేజోళ్ళింకా కాలేదు."

"సాయంత్రం దాకా కుడతా. మిగిలింది మళ్ళీ అధికమాసానికి."

"అదెప్పుడొస్తుంది?"

"రెండేళ్ళు దాటాక."

"అప్పటిదాకా నన్ను చావొద్దంటావా?"

"మేజోళ్ళు లేకుండా ఎట్లా పోతారు? ఉండండి."

ఒక్‌జిన్ నవ్వబోయింది, నవ్వు సగంలోనే తడిసింది. నారబట్ట మీద కన్నీళ్ళు పడరాదని తల వెనక్కి వాల్చి, కప్పు వంక చూస్తూ నిలబడింది. "గుండుసూదులు తియ్యవే, మొద్దూ" అన్నది.

ఆ సాయంత్రానికి ఒక మేజోడు పూర్తి అయింది. రెండోదాని బట్టను ఒక్‌జిన్ తన పెట్టెలోనే దాచి, తాళం వేసుకుంది. "ఇది ఇక్కడే ఉంటుంది. వచ్చి కుట్టి వెళ్ళు" అన్నది. మర్నాడు పొద్దున బోక్‌హీ సంచీ పట్టుకుని దిగేవేళకు ఆవిడ గుమ్మం దాకా రాలేదు. ఎవరో పిల్ల ముందు నిలబడి, పట్టీలను తలకిందులుగా పట్టుకుని, "ఆగమ్మా, నవ్వకు" అంటున్నది. సంచీలో మాత్రం కింబాప్ అన్నం పొట్లాలు రెండు ఉన్నాయి.

బస్సుకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. గురువారం. రాజభవనం తెరిచే ఉంది. బోక్‌హీ తన పాత కోటుతోనే వరసలో నిలబడింది.

"అమ్మగారూ" అన్నాడు కిటికీ వెనక మనిషి, "ఎదుటి వీధిలో హన్‌బొక్ అద్దెకిస్తారు. అది వేసుకొస్తే టికెట్టే అక్కర్లేదు."

"తెలుసు నాయనా" అని మూడు వేల వోన్లు కిటికీలోంచి జరిపింది. "ఒకటివ్వు."

లోపలి ముంగిట ఒక తల్లి తన కూతురి రవిక పట్టీలను చెప్పుల తాళ్ళలాగా రెండు చెవులు వేసి బిగిస్తున్నది. బోక్‌హీ కుడిచెయ్యి తనంతట తానే లేచింది. ఆమె దానిని తిరిగి కోటు జేబులో, టికెట్టు పక్కన పెట్టుకుని, మెట్ల వైపు నడిచింది.