పొలుసు గీకిన హంతకుడు

యాభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. వచ్చిన కొత్తలో జరిగిన సంఘటన ఇది. మాది విశాఖ జాలరిపేట, చేపలమ్ముతాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఉమ, దాని స్నేహితులు మద్దిలపాలెంలో పాత జపాన్ క్రైం సినిమా వేశారు. తెర కింద వచ్చే తెలుగు మాటలు ఉమే రాసింది.

"నాను రాసింది నువ్వు సదవాలమ్మా. పైకి మాత్రం సదవకు, పరువు పోద్ది" అంది.

పెదవులు బిగించి కూర్చున్నాను. హంతకుడెవరో పోలీసులకు అంతుబట్టడం లేదు. ఇంతలో చేపల బజారులో ఒకడు చేపను తల నుంచి తోకకు గీకుతూ కనిపించాడు. తోక నుంచి తలకు గీకితేనే కదా పొలుసు ఊడేది. ఇక ఆగలేకపోయాను.

"ఈడు సేపలోడు కాదు. ఈడే సంపీసినోడు" అని అరిచేశాను.

హాలంతా నావైపు తిరిగింది. "ఇంకా గంట సినిమా ఉంది పిన్నీ" అన్నాడు ముందు సీటాయన. గంట తర్వాత హంతకుడు వాడేనని తేలింది. ఉమ మాత్రం ఇంటికొచ్చినా నాతో మాట్లాడలేదు. చదవడం నేర్చుకున్నాను గానీ, ఊరుకోవడం ఇంకా రాలేదు.

మర్నాడు పొద్దున్న ఒడ్డున, మూతి ముడుచుకుని కూర్చున్న ఉమ ముందు కావాలనే ఒక చేపను తల నుంచి గీకాను. పక్క గంప అప్పాయమ్మ వెంటనే, "ఏటే, సేపలకి కొత్తగా ఒచ్చినావేటి?" అంది.

ఉమ నవ్వాపుకోలేకపోయింది.