పైఇంటి మామ ఆపిన సైటు

పైఇంటి మామ పోయారన్న కబురు తిరువళ్ళూరు స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోనులో వచ్చింది. ఆ కబురు చదివేలోపే తెరమీదికి ఒక ప్రకటన ఎక్కి కూర్చుంది, బట్టతలకు నూనె. ఆయన వైఫై కింద ఏ చావుకబురుకూ ఇంత అవమానం జరిగి ఉండేది కాదు.

తిరుత్తణిలో ఆయనది మేడ, మేము కింద అద్దెకు. వైఫై కూడా ఆయనదే. రౌటరు పక్కన సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి పెట్టారు. ఎవరు ఏ సైటు అడిగినా ముందు అది ఒప్పుకోవాలి. ఆపవలసిన సైట్ల లిస్టులు ఎవరెవరో తయారుచేసి పంచుతారు. అవన్నీ తెచ్చి దానిలో వేశారు. చాలక, తన చేత్తో ఇంకో లిస్టు రాసుకున్నారు. ప్రకటనలు పోయాయి. వాటితోపాటు అమ్మ సీరియలూ, నా పరీక్ష ఫలితాలూ పోయాయి.

పోయినవారి గురించి మంచే రాయాలట. రాయడానికి నాకు అభ్యంతరం లేదు, సాక్ష్యమే దొరకడం లేదు.

ఫలితాల రోజు పైకి పరిగెత్తాను.

"మామా, రిజల్ట్ సైటు రాలే. కొంచెం తీసేయండి."

"యా లిస్టు ఆపింది?"

"నాకేం తెలుసు? మీ పెట్టె కదా!"

"తెలుసుకోని రా. ఎవురు ఆపినారో తెలీకుండా నేను దోవ ఇయ్యను."

రైల్వే సిగ్నళ్ళలో పనిచేసి రిటైరైన మనిషి మరి. ఆయన కంప్యూటరులో పెట్టె పేజీ తెరిచి, సైటు పేరు కొట్టి వెతికితే దాన్ని ఏ లిస్టు ఆపిందో చూపిస్తుంది. అది నాకు నేర్పించి, వెనకాల నిలబడి కాఫీ తాగుతూ, "ఫెయిలయ్యేదానికి ఇంత తొందరేమిరా ఇంజినీరూ?" అన్నారు. పాసయ్యాను. ఆయన సంతోషించిన దాఖలా లేదు.

ఒక్క సైటు గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వెతకలేదు. ఆయన కూతుర్ని నేను అక్కా అంటాను. ఆయనకు నచ్చనివాణ్ణి చేసుకుని పట్టాభిరామ్‌లో ఉంటోంది. జాకెట్లకు ఆరి పని, అంటే కొక్కెం సూదితో పూలకుట్టు, చేసి, ఆ ఫొటోలు ఒక ఉచిత సైటులో పెడుతుంది. పైఇంట్లో అది తెరుచుకోదు. ఆయన భార్య, మా అత్త, అడిగితే ఆయన "లిస్టోళ్ళు ఆపినారు" అనేవారు. నా ఫోను డేటాతో చూపిస్తానంటే అత్త ఒప్పుకోలేదు, తన ఇంట్లోనే రావాలని పట్టు.

చావుకు అక్క వచ్చింది. గుమ్మం దాటలేదు. "నా ఫొటో గూడా లోపలికి రానీలేదు నాయన. నేనెందుకు రావాల?" అని వెళ్ళిపోయింది.

కర్మలు అయ్యాక అత్త నన్ను పిలిచింది.

"చెప్పయ్యా. లిస్టోళ్ళు ఆపినారా, ఆ మనిషే ఆపినాడా?"

వెతికాను. కంప్యూటరు తెరమీద మొదట ఒక బయటి లిస్టు వచ్చింది. ఆ ఉచిత సైటులో దొంగ దుకాణాలూ ఉంటాయని, మంచీచెడూ చూడకుండా అన్నిటినీ ఆపేసింది. హమ్మయ్య అనుకుంటూ నోరు తెరిచాను. దాని కిందే ఇంకో వరుస. మామ చేతి లిస్టు. అప్పటికే మూసి ఉన్న గేటుకు పనిగట్టుకుని ఇంకో తాళం.

అబద్ధం చెబుదామా అనిపించింది. కానీ ఆ పని నాకు నేర్పిందే ఆయన.

"ఇద్దరూ అత్తా."

అత్త కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"అబద్ధం గూడా సగమే చెప్పినాడు పాపిష్టోడు. లిస్టోళ్ళది నువ్వు తీయి. ఆ మనిషిది నేను తీస్తా."

బయటి లిస్టును ఆపేశాను. సైటు అయినా రాలేదు. అత్త వేలు కొంగుకు తుడుచుకుంది.

"యాడ నొక్కాల?"

"ఆ చెత్తబుట్ట బొమ్మమీద."

నొక్కింది. సైటు మళ్ళీ తెరిచాను. నెమలిరంగు జాకెట్టు ఒకటి మెల్లగా తెరనిండా పరుచుకుంది. దాన్ని పట్టుకున్న అక్క వేళ్ళు అంచున కనబడుతున్నాయి. అత్త వెంటనే ఫోను కలిపింది.

"మీ నాయనే ఆపినాడు మే. నేను తీసేసినా. లోపలికి రా."

అవతల అక్క ఏమందో నాకు వినబడలేదు. గోడమీద, మాల వేసిన మామ ఫొటో అద్దంలో ఆ నెమలిరంగు పడి ఉంది, సరిగ్గా ఆయన ముఖమ్మీద. ఫొటో కింద పెట్టె పచ్చలైటు, ఇంకా డ్యూటీలో ఉన్నట్టే, మిణుకుమంటోంది.